అప్పు, అపనింద, క్షమాపణ: నా అనుభవం

క్షమించాలి అని చెప్పే ప్రసంగాలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. దాదాపు అన్నీ అక్కడితోనే ముగిసిపోతాయి. క్షమించాలని ఆదివారం నిర్ణయించుకున్నవాడికి సోమవారం ఎలా ఉంటుంది, ఎదుటివాడు "నేనేం చేశాను?" అంటే ఏం చెప్పాలి, పోయిన డబ్బు గురించి ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలి అన్న విషయాలు ఎవరూ ఎత్తరు. 2022 నుంచి నాకు జరిగినదాన్ని వరసగా రాస్తున్నాను. ఇలాంటి చిక్కులో ఉన్నవారికి ముందేమి రావచ్చో కొంత తెలుస్తుంది.

2022 ఆగస్టులో నా స్నేహితుడికి అప్పు ఇచ్చాను. ఇద్దరం ఒకే చర్చి సంఘంలో పెరిగాం. సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి కలిసి పాఠాలు చెప్పాం. నాకంటే చిన్నవాడు, "అన్నా" అని పిలుస్తాడు. కొత్తగా పెట్టిన వ్యాపారానికి పెట్టుబడి చాలడం లేదన్నాడు. మా దగ్గర ఉన్నది అమ్మాయి పైచదువు కోసం నేనూ నా భార్యా దాచుకున్న సొమ్ము. ఆరు నెలల్లో ఇచ్చేస్తానన్నాడు. వడ్డీ ప్రస్తావనే రాలేదు. ఒక కాగితం మీద రాసుకుని, సంతకాలు చేసి, ప్రార్థన చేసుకుని లేచాం.

2023 ఫిబ్రవరి వచ్చింది, పోయింది. వేసవి దాకా ఏవో కారణాలు చెప్పాడు. ఆ తరువాత కారణాలు చెప్పడం కూడా మానేశాడు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆదివారం ఆశీర్వాద ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకునే సమయానికి మెల్లగా బయటపడేవాడు. అప్పటికి నాకు ఉన్నది చిరాకు మాత్రమే. అసలు కోపం నవంబరులో మొదలైంది. ఒక ఇంటి ప్రార్థన కూడిక అయ్యాక ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "బాబూ, తోటి విశ్వాసి దగ్గర అంత వడ్డీ గుంజడం న్యాయమేనా?" అని అడిగారు. ఆమె ఏమంటున్నారో నాకు వెంటనే అర్థం కాలేదు. కూర్చుని వివరంగా అడిగితే బయటపడింది. నేను వడ్డీకి అప్పిచ్చి పీక్కుతింటున్నానని, నా ముఖం చూడలేకే తాను ఆరాధన ముగియకముందే వెళ్లిపోతున్నానని అతను కొన్ని ఇళ్లలో చెప్పుకున్నాడట.

డబ్బు రాకపోవడం ఒక బాధ. కానీ తీసుకోని వడ్డీకి నలుగురిలో తల దించుకోవడం వేరే రకం బాధ. మొదటిది లెక్కకు అందుతుంది, రెండోది అందదు. బైబిల్లోని 55వ కీర్తనలో దావీదు మొర ఇదే: దూషించినవాడు శత్రువైతే సహించగలిగేవాణ్ణి, ఇతను నా చెలికాడు, నాతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడు అని. ఆ కీర్తనలోనే, వెంటనే వచ్చే వచనంలో, అలాంటివారు సజీవులుగా పాతాళానికి దిగిపోవాలని కూడా ఉంది. ఆ రోజుల్లో నాకు అది ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుపడను. మనసులో ఉన్నదాన్ని దేవుడి ముందు అలాగే కక్కేయవచ్చని కీర్తనలు ఒప్పుకుంటాయి. మనుషుల ముందు కక్కడం కంటే అదే క్షేమం.

క్రిస్మస్ ఆరాధన తరువాత అతను అందరి మధ్యలోనూ నన్ను కౌగిలించుకుని పండుగ శుభాకాంక్షలు చెప్పాడు. నేనూ చెప్పాను. నా భార్య ముఖం తిప్పుకుంది.

2024 జనవరిలో పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషే కానీ ఆ రోజు ఎక్కడికో బయలుదేరుతున్నారు. సగం విని, "క్షమించేయండి బ్రదర్, మిగతాది ప్రభువు చూసుకుంటాడు" అని భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆ 'క్షమించేయండి'లో పుచ్చిపోయిన పంటికి పుక్కిలించమన్నంత తేలికతనం ఉంది. తరువాతి వారం ప్రార్థన బృందంలో ఒకాయన గ్లాడిస్ స్టెయిన్స్ గారిని గుర్తు చేశారు. 1999 జనవరిలో ఒడిశాలో భర్తనూ ఇద్దరు కొడుకులనూ సజీవంగా తగలబెట్టినా ఆమె క్షమించానన్నారు కదా, మీ నష్టం అంతకంటే పెద్దదా అన్నారు. కాదు. ఎవరి నష్టమూ అంతకంటే పెద్దది కాదు. కానీ ఆ పోలిక విన్నాక నా గాయం మానలేదు సరికదా, దాన్ని పైకి చెప్పుకునే అర్హత కూడా పోయినట్టు అనిపించింది. ఆయన చెప్పకుండా వదిలేసిన సగం నాకు తరువాత స్ఫురించింది. ఆమె క్షమించినంత మాత్రాన విచారణ ఆగలేదు. 2003లో శిక్షలు పడ్డాయి, ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. క్షమాపణ వేరు, జవాబుదారీ వేరు అన్నది ఆ ఉదంతంలోనే ఉంది. ఆమె పేరు వాడుకునేవారు ఆ ముక్క ఎత్తరు.

ఈ నెలల్లో నేను ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారంలో, పాలుపొందడం మానేశాను. లోపల కోపం పెట్టుకుని రొట్టె విరవడానికి చెయ్యి రాలేదు. దీనివల్ల ఎదురైన చిక్కు నేను ఊహించనిది. రొట్టె, ద్రాక్షారసం పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కవారికి అందించేస్తుంటే అందరూ గమనించారు. అతను మాత్రం ఎప్పటిలాగే తీసుకుంటున్నాడు. ఇక చూసేవారికి దోషి ఎవరో తేలిపోయింది. వడ్డీ కథకు నా అంతట నేనే రుజువు ఇచ్చినట్టయింది. ఎవరైనా నా పరిస్థితిలో ఉంటే, బల్లకు దూరంగా ఉండేముందు కనీసం పాస్టరుకు కారణం చెప్పి ఉంచండి.

ఆ సంవత్సరం భస్మ బుధవారం, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు కాలపు మొదటి రోజు, ఫిబ్రవరి 14న వచ్చింది. అప్పుడే శుభ శుక్రవారం ఆరాధనలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఎవరెవరు ధ్యానించాలో పంచారు. నాకు మొదటి మాట వచ్చింది: "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." మార్చి 29 దాకా గడువు ఉంది. వేరే మాట ఇమ్మని అడగాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే ఎందుకని ప్రశ్న వస్తుందని ఊరుకున్నాను.

సిద్ధపడుతూ మత్తయి సువార్త 18లోని ఉపమానం మళ్లీ చదివాను. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు క్షమాపణ పొంది బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సినవాడి గొంతు పట్టుకుంటాడు. ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బులన్నట్టుగానే నేను ఎప్పుడూ విన్నాను. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. దేనారం ఒక కూలివాడి రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని బేరమాడింది దానికే. అంటే నూరు దేనారాలు మూడు నెలల పైచిలుకు కష్టార్జితం. అది పోతే ఏ ఇల్లయినా కుదేలవుతుంది. తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, లక్షా అరవై వేల ఏళ్లకు పైగా పని. ఈ రెండో అంకె ముందు మొదటిది చిన్నదే. కానీ యేసు ఆ మొదటి అప్పును ఉత్తదని అనలేదు. నష్టాన్ని నష్టంగానే ఉంచి, వదులుకోమన్నాడు.

నాకు ఇది పెద్ద ఊరట. అప్పటిదాకా అందరూ నా నష్టాన్ని చిన్నది చేసి క్షమించమన్నారు. చిన్నదైతే క్షమించేందుకు ఏముంది? "నాకు ఇంత అన్యాయం జరిగింది" అని పూర్తిగా ఒప్పుకున్నాక గానీ దాన్ని వదలడం గురించి ఆలోచించే ఓపిక రాలేదు.

ఇక మొదటి మాట. దాన్ని చాలాసార్లు పైకి చదువుకున్నాక నా కంటికి ఆనింది, ఆ మాట సైనికుల వైపు తిరిగి అన్నది కాదని. యేసు తండ్రితో మాట్లాడుతున్నాడు. నా దగ్గర క్షమించే బలం లేదు, తండ్రిని అడిగే నోరు మాత్రం ఉంది. ఆ రాత్రి నుంచి అతని పేరు పెట్టి ప్రార్థించడం మొదలుపెట్టాను. మొదట్లో పళ్లు బిగించి, రెండే వాక్యాలు. తరువాత అతని వ్యాపారం బాగుపడాలని కూడా అడిగాను. అందులో నా లాభమూ ఉంది, అతనికి గల్లా నిండితే నా అప్పు తీరుతుంది. దేవుడికి అది తెలియకపోదు. అయినా అడుగుతూ పోయేకొద్దీ స్వార్థం కొంత అరిగింది. శుభ శుక్రవారం నేను ధ్యానం చెబుతున్నప్పుడు అతను మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. గొంతు వణకలేదు. ఆ ఈస్టర్‌కు, మార్చి 31న, బల్లలో పాలుపొందాను.

ఏప్రిల్‌లో అతనితో ఒంటరిగా మాట్లాడాను. తప్పిదం చేసిన సహోదరుడి దగ్గరికి నువ్వే పోయి, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడమని మత్తయి 18:15 చెబుతుంది. ఆరాధన ముగిశాక పిల్లల తరగతి గదిలో, ఆ చిట్టి కుర్చీల్లోనే, మోకాళ్లు ఛాతీకి తగిలేలా కూర్చున్నాం. అతను బల్ల మీద ఎండిపోయిన జిగురు మరకను గోటితో గీకుతున్నాడు. "నీ మీద ఇక కోపం లేదు, నిన్ను క్షమించాను" అన్నాను. గీకడం ఆపాడు.

"నన్ను క్షమించడానికి నేనేం చేశానన్నా? డబ్బు ఇవ్వాలి, ఇస్తాను. అందులో పాపం ఏముంది?"

వడ్డీ మాట ఎత్తాను. ఎవరో ఏదో అన్నారని తనను అడగడమేమిటని లేచి వెళ్లిపోయాడు.

తప్పు ఒప్పుకోనివాడికి క్షమాపణ నేరారోపణలా వినిపిస్తుంది. తరువాత రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చూశాను. మార్కు 11:25 ప్రకారం ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీద ఏమున్నా అక్కడే క్షమించాలి. దానికి ఎదుటివాడు ఉండక్కరలేదు, అతనికి తెలియక్కరలేదు. లూకా 17:3 మాత్రం గద్దించమంటుంది, అతను మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. మొదటిది నాకూ దేవుడికీ మధ్య. రెండోదానికి ఇద్దరు మనుషులు కావాలి. మొదటిది లెంటు రోజుల్లో జరిగింది. రెండోదానికి నేను ఒక్కడినే తొందరపడి లాభం లేదు, అతని సమయం కోసం ఎదురుచూడాలి.

మే నెలలో ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకుని కూర్చున్నాం. ఆ కాగితం బల్ల మీద పెట్టారు. అందులో వడ్డీ లేదని వారే పైకి చదివారు. అప్పు ఒప్పుకున్నాడు. వడ్డీ సంగతి మాత్రం "నేను అలా అనలేదు, వాళ్లు అలా అర్థం చేసుకున్నారు" అన్నాడు. నెలవారీగా ఇచ్చేట్టు మాట అయింది. జూన్, జూలై వాయిదాలు వచ్చాయి. ఆగస్టుది రాలేదు. సెప్టెంబరులో వ్యాపారం మూసేశాడు.

ఇక మిగిలిన డబ్బు రాదని నాకు తెలిసిపోయింది. వదిలేద్దామని నా భార్యతో అన్నాను. ఆమె గిన్నెలు సర్దుతూ వెనక్కి తిరగకుండానే అంది: "మీ వంతు మీరు వదిలేయండి. నా వంతు వదిలేయడానికి మీరెవరు?" మూడేళ్లలో నాకు తగిలిన న్యాయమైన దెబ్బ అది. ఆ సొమ్ములో సగం ఆమె జీతం. అపనింద పడినప్పుడు స్త్రీల సమాజంలో తల దించుకు కూర్చున్నదీ ఆమే. దేవుడి ముందు నాకు దొరికిన నెమ్మది ఆమెకు దానంతట అదే బదిలీ అవుతుందని ఎలా అనుకోగలను? మళ్లీ ఆ విషయం ఎత్తకుండా ఆగాను. అమ్మాయి చదువుకు బ్యాంకులో రుణం తీసుకున్నాం. 2025 జనవరిలో నా భార్యే ఒక రాత్రి, "ఆ కాగితం ఇచ్చేయండి, దాన్ని చూస్తుంటే నాకు తలనొప్పి వస్తోంది" అంది. అది క్షమాపణో అలసటో నేను అడగలేదు.

పెద్దల్లో ఒకాయన మంచి సలహా ఇచ్చారు. అప్పు వదిలేసినా ఆ సంగతి రాసి ఇవ్వండి, రేపు మీ పిల్లలో వాళ్ల పిల్లలో మళ్లీ లేవదీయకుండా ఉంటుంది అని. అలాగే చెల్లు రాసి, పాత కాగితంతో కలిపి అతని చేతికి ఇచ్చాను. కన్నీళ్లు, కౌగిలింతలు ఉంటాయనుకుంటారేమో. అతని ముఖం ఎర్రబడింది. "సరే అన్నా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత చాలా వారాలు నన్ను చూస్తే పక్కకు తప్పుకున్నాడు. అప్పు ఉన్నప్పటి కంటే దూరం పెరిగింది. అప్పుడు బైబిల్లో యోసేపును బానిసగా అమ్మేసిన అన్నదమ్ములు గుర్తొచ్చారు. వాళ్ల తండ్రి యాకోబు ఐగుప్తులో బతికింది పదిహేడేళ్లు. అన్నేళ్లు యోసేపు పెట్టిన తిండి తిని కూడా, తండ్రి పోగానే ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమోనని వాళ్లు వణికిపోయారు. క్షమాపణ పొందినవాడికి అది నిజమేనని నమ్మకం కుదరడానికి కూడా కాలం పడుతుంది.

నా వైపు కూడా అంతా సాఫీగా లేదు. చదువు రుణం వాయిదా ప్రతి నెలా ఖాతాలోంచి వెళ్లినట్టు ఫోనుకు సందేశం వస్తుంది. అది చూసినప్పుడల్లా కడుపులో ఏదో బిగుసుకునేది, ఇప్పటికీ కొన్ని నెలల్లో బిగుసుకుంటుంది. యేసు చెప్పినట్టు డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించడమంటే కొత్తకొత్త తప్పులకని అనుకునేవాణ్ణి. నా విషయంలో పాత తప్పు ఒక్కటే, బ్యాంకు సందేశం మాత్రం నెలనెలా వస్తోంది. అలా బిగుసుకున్నంత మాత్రాన జనవరిలో ఇచ్చిన చెల్లు అబద్ధమైపోదని మెల్లగా నేర్చుకున్నాను. ఫిలేమోనుకు రాస్తూ పౌలు, అతని దాసుడు ఒనేసిము వల్ల నష్టమేమైనా ఉంటే "నా లెక్కలో చేర్చుము" అన్నాడు. నష్టం గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరు భరించాలి. మా ఇంట్లో దాన్ని భరిస్తున్నది మేమే. ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

2025 మార్చి చివరిలో, లెంటు మధ్యలో, అతను ఒక సాయంత్రం తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. తరువాత నేల చూస్తూ, "వడ్డీ సంగతి నేనే అన్నానన్నా. ఎందుకు ఇవ్వలేదని అందరూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలనిపించింది" అన్నాడు. ఇలాంటి రోజు వస్తే ఏమనాలో నేను ఎన్నోసార్లు మనసులో అల్లుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "ఫరవాలేదు" అనబోయి ఆపుకున్నాను, ఎందుకంటే అది ఫరవాలేని సంగతి కాదు. "విన్నప్పుడు చాలా బాధపడ్డాను. క్షమించాను" అన్నాను. ఈసారి ఆ మాట అతనికి నేరారోపణలా తగల్లేదు.

నా భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఆ మాట నాకూ చెప్పాలి" అంది. చెప్పాడు. "విన్నాను" అని లోపలికి వెళ్లింది. అంతే. ఇప్పుడు ఎదురుపడితే నమస్కారం చేస్తుంది, వాళ్లావిడతో మాట్లాడుతుంది. అంతకు మించి నేను అడగను.

మరుసటి వారం అతను ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి నిజం చెప్పాడు. మిగతా ఇళ్లకు వెళ్లలేదు. ఆ ఇళ్లలో నేను ఇప్పటికీ వడ్డీ వ్యాపారినే. మరో వింత ఏమిటంటే, నా పక్షాన నిలిచి అతనితో మాటలు మానేసినవారు ఇంకా మాట్లాడటం లేదు. మేమిద్దరం మాట్లాడుకోవడం చూస్తే వాళ్లకు నచ్చడం లేదు కూడా. ఒకాయన నన్నే నిలదీశారు, "మీకోసం నేను అతనితో చెడ్డాను, మీరేమో కలిసిపోయారు!" అని. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఏప్రిల్ 18న శుభ శుక్రవారం. మళ్లీ పిల్లల తరగతి కలిసి చెప్పుకుందామా అని అతనే అడిగాడు. సరేనన్నాను. జూన్‌లో సంఘ కమిటీ ఎన్నిక వచ్చింది. కోశాధికారి పదవికి ఎవరో అతని పేరు చెప్పారు. గదిలో అందరూ నా వైపు చూశారు. క్షమించానన్నవాడు ఏమంటాడోనని.

ఆ వారమంతా నేను పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో నాలుగో అధ్యాయం చదువుతున్నాను. ఒకప్పుడు ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిన మార్కును వెంటబెట్టుకు రమ్మంటాడు పౌలు, పరిచర్యకు పనికొస్తాడని. మొదటి విచారణలో తనను ఒంటరిగా వదిలిపోయినవారి గురించి, అది వారికి నేరంగా ఎంచబడకూడదంటాడు. ఈ రెండింటి మధ్యలోనే కంచరి అలెక్సంద్రు తనకు చాలా కీడు చేశాడని, నువ్వూ అతని విషయంలో జాగ్రత్తగా ఉండమని తిమోతిని హెచ్చరిస్తాడు. ఒకే చెయ్యి, ఒకే ఉత్తరం. ఆ ముగ్గురినీ పౌలు ఒకే తక్కెడలో వెయ్యలేదు.

నేను వద్దని చెయ్యెత్తాను. కారణం అక్కడ చెప్పలేదు. బయటికి వచ్చాక అతనికి చెప్పాను: "నీ మీద నాకు బాకీ లేదు. కానీ సంఘం డబ్బు నీ చేతికి ఇవ్వడానికి నాకు ఇంకా ధైర్యం చాలదు. ఇది నీ వెనక కాకుండా నీకే చెబుతున్నాను." ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

కోశాధికారిగా వేరొకరు వచ్చారు. తరువాతి ఆదివారం అతను తరగతికి వచ్చాడు, పిల్లలకు కంఠత వాక్యం చెప్పించాడు, నాతో మాట్లాడలేదు. ఆ పై ఆదివారం, సగం పాఠం అయ్యాక, "అన్నా, రంగు పెన్సిళ్లు అయిపోయాయి, ఈసారి నువ్వు కొను" అన్నాడు.